టార్పాలిన్ కింద నొక్కిన బటన్

2013 జూన్‌లో నన్ను విజయనగరం నుంచి శ్రీకాకుళానికి బదిలీ చేశారు. హోదా సాంకేతిక అధికారి, రెండో శ్రేణి. చేపల వేటకు వెళ్ళే పడవల జాడ చూపించే కంట్రోల్ రూమ్‌లో యంత్రాలూ ప్రోగ్రాములూ చూసుకోవడం నా పని. నా పైన ఉపసంచాలకులు ఒకరు. నా కింద షిఫ్టుల వారీగా తెర ముందు కూర్చునే కాంట్రాక్టు ఆపరేటర్లు. పడవల్లో పెట్టే పెట్టెలు, ఒడ్డున ఉండే రిసీవరు, కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాము, అన్నీ ఒక ప్రైవేటు కంపెనీ సరఫరా చేసింది. నేను చేరేటప్పటికే పరీక్షలు, సంతకాలు, స్వాధీనం చేసుకోవడాలు పూర్తయిపోయాయి. ప్రోగ్రాము సోర్సు కోడు, అంటే మనిషి చదవగలిగే మూలరూపం, ఒప్పందం ప్రకారం మాకు ఒక సీడీలో ఇచ్చారు. అది ఉపసంచాలకుల బీరువాలో ఉండేది. చేరిన వారంలోనే అడిగాను. నడుస్తున్న బండి బానెట్ ఎందుకు ఎత్తడం అని ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

పెట్టె పని విధానం చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. పెట్టె మూతలో జీపీఎస్ యాంటెన్నా ఉంటుంది. దానికి ఆకాశం కనిపిస్తే పడవ ఎక్కడుందో లెక్క కడుతుంది. ఆ లెక్కను పెట్టె కొద్ది నిమిషాలకోసారి రేడియో ద్వారా ఒడ్డుకు పంపుతుంది. పంపేది ఒక్క లైను. అక్షరాల వరుస, మా భాషలో స్ట్రింగ్ అంటాం. అందులో ఎనిమిది ముక్కలు, మధ్యలో కామాలు. పడవ నంబరు, సమయం, అక్షాంశం, ఉత్తరమో దక్షిణమో చెప్పే అక్షరం, రేఖాంశం, తూర్పో పడమరో చెప్పే అక్షరం, బ్యాటరీ ఎంత మిగిలిందో, చివరిగా సంకేతం. మామూలుగా ఆ సంకేతం OK. పెట్టె పక్కన చిన్న మూత ఎత్తి ఎర్ర బటన్ నొక్కితే SOS. ఒడ్డున ఉన్న ప్రోగ్రాము చేయాల్సిందల్లా ఆ లైనును కామాల దగ్గర విడగొట్టి, చివరి ముక్క SOS అవునో కాదో పోల్చి, అయితే తెర మీద పడవ బొమ్మను ఎర్రగా చేసి గంట మోగించడం. పచ్చ బొమ్మ అంటే క్షేమం. కంప్యూటరుకు ప్రోగ్రాములు రాసే సి భాష ఏడాది చదివిన పిల్లలు రాయగలిగిన పని అది. సరిగ్గా రాయడం మాత్రం వేరే సంగతి.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక, కార్తీకంలో, పాతగెడ్డపేట నుంచి వెళ్ళిన ఒక ఫైబర్ బోటు సముద్రంలో చిక్కుకుంది. పాతగెడ్డపేట మా జిల్లాలో పల్లెకారులు, అంటే చేపలు పట్టి బతికేవాళ్ళు, ఉండే ఓ చిన్న పేట. బోటు నడిపేవాడి పేరు అప్పన్న. పడవకు పెద్దను అక్కడ సరంగు అంటారు. సరంగు మాట మీదే మిగతావాళ్ళు పడవెక్కుతారు. ఆ రోజు పొద్దెక్కాక సముద్రం లేచింది. వల ఇంజను రెక్కకు చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. దాన్ని విడదీయబోయిన లచ్చయ్య అనే మనిషి తొడ ఇంజనుకూ పడవ అంచుకూ మధ్య నలిగి నెత్తురు ఆగలేదు. అప్పన్న బటన్ నొక్కాడు. అక్కడికి సెల్‌ఫోన్ సిగ్నలు అందదు, ఆ బటనే దిక్కు. ఎవరూ రాలేదు. పొద్దు కుంకే వేళకు లచ్చయ్య పోయాడు. మర్నాడు పక్క పేట పడవలు చూసి వాళ్ళను ఒడ్డుకు లాక్కొచ్చాయి.

ఆ రోజంతా గస్తీ పడవ మా జెట్టీలోనే కట్టేసి ఉంది. డ్రైవరు ఉన్నాడు, డీజిలు ఉంది. గంట మోగితే బయల్దేరేది. లచ్చయ్య బతికేవాడా అని అడిగితే నేను డాక్టర్ని కాను, చెప్పలేను. పడవ మాత్రం వెళ్ళేది. గంట మోగలేదు. తెర మీద అప్పన్న బోటు సాయంత్రం దాకా పచ్చగా, ఒకే చోట కదలకుండా ఉంది. ఆపరేటరు వల వేసి ఆగారనుకున్నాడు. తెర చూసిన వాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు.

విచారణ సంఘం వేశారు. ఉపసంచాలకులు, కంపెనీ ప్రతినిధి, పై ఆఫీసు నుంచి ఒక పెద్దాయన. నన్ను పిలవలేదు. కంప్యూటర్లో దాచిన రికార్డు తెరిచి చూశారు. ప్రతి వరసలోనూ పడవ నంబరు తప్ప ఏమీ లేదు. SOS అన్న మాట ఎక్కడా లేదు కనుక బటన్ నొక్కలేదని తేల్చారు. పైగా సిబ్బంది సూచనలకు విరుద్ధంగా పెట్టెను టార్పాలిన్ కింద పెట్టారనీ, ఇది పూర్తిగా మానవ తప్పిదమనీ రాశారు. ఒక మధ్యాహ్నంలో ముగ్గురూ సంతకాలు పెట్టి చేతులు దులుపుకున్నారు. కాగితం చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. నంబరు తప్ప మిగతా ఏడు ముక్కలూ ఏమయ్యాయని ఆ ముగ్గురిలో ఒక్కరికీ అడగాలనిపించలేదు. ఎనిమిది ముక్కలు రావలసిన చోట ఒక్కటే ఉంటే అది పడవవాళ్ళ తప్పెలా అవుతుంది?

పరికరాన్ని వెనక్కి తెచ్చి పరీక్షించడం నిబంధన. ఆ పని మీద నేనే పాతగెడ్డపేట వెళ్ళాను. అప్పన్న ఇసుకలో బోటు నీడన కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి. నన్ను చూసి లేచాడు గానీ కళ్ళెత్తలేదు. పెట్టె టార్పాలిన్ కింద ఎందుకు పెట్టావని అడిగాను. విసుక్కోకుండా చెప్పాడు. సముద్రం లేస్తే వాళ్ళు మొట్టమొదట చేసే పని పడవలో విడిగా ఉన్నవన్నీ, వల, ఐసు, బియ్యం, సెల్‌ఫోన్లు, అడుగున కూరి టార్పాలిన్ కప్పి తాడు బిగించడం. పెట్టెను అందరికంటే ముందు కూరతారు. ఎందుకంటే, ఇచ్చేటప్పుడు మా ఆఫీసువాళ్ళు గవర్నమెంటు సామాను, పోతే మీదే పూచీ అని భయపెట్టి వేలిముద్రలు వేయించుకున్నారు. ఆకాశం కనిపించాలన్న మాట చెప్పిన నాథుడు లేడు. ఆ తీరంలో పుట్టిన ఎవరైనా అలాగే చేస్తారు. పెట్టె తయారు చేసినవాళ్ళు ఒక్కరోజు ఒక్క పడవెక్కి ఉంటే వాళ్ళకీ తెలిసేది.

బటన్ సంగతి అడిగితే మాత్రం తలెత్తి నా వంక చూశాడు.

“నొక్కినానమ్మా. తాడు సందులోంచి సెయ్యెట్టి, మూతెత్తి నొక్కినాను. లచ్చయ్య సూస్తన్నాడు. నొక్కినావేటి బావా అని అడిగినాడు. నొక్కినాన్రా, వస్తన్నారు, కాసేపోర్సుకో అన్నాను. ఇప్పుడు నొక్కలేదని మీరు రాస్తే, సచ్చిపోతన్నోడికి నేను అబద్ధం సెప్పినట్టు గదా.”

ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. వేటలో మనిషి పోతే ఆ బోటును ఒడ్డున ఇసుకలోనే ఉంచుతారు. పోయినవాడి ఇంటివాళ్ళు వచ్చి దాని మీద చేతులు వేసి నీళ్ళలోకి తోస్తేనే మళ్ళీ వేటకు వెళ్ళాలి. సరంగు తప్పు లేదని ఆ ఇంటివాళ్ళు ఒప్పుకున్నట్టు అదే గుర్తు. తొయ్యకపోతే ఆ సరంగుతో ఇంకెవరూ పడవెక్కరు. వేరే పేటకు పోయినా ఆ మాట ముందే చేరుతుంది. లచ్చయ్యకు తల్లి ఒక్కతే. పేరు నూకమ్మ. చేపల గంప మోసుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. నేను పెట్టె తీసుకుని వస్తుంటే దారికి అడ్డంగా నిలబడింది.

“గవర్నమెంటోళ్ళేమో నొక్కలేదంతన్నారు. ఈడేమో నొక్కినానంతన్నాడు. ఎవుల మాట నమ్మాలమ్మా నేను? నా సేతులు ఆ తెప్ప మీద ఎయ్యాలా ఒద్దా, నువ్వు సెప్పు.”

తెలుసుకుని చెప్తానన్నాను. ఆమె పక్కకు తప్పుకుంది.

మర్నాడు ఉపసంచాలకుల గదిలోకి వెళ్ళి బీరువా తాళం తీయమన్నాను. ఈసారి ఆయన నవ్వలేదు, నేను నవ్వనివ్వలేదు. సీడీ కవరు అంతవరకు ఎవరూ చించలేదు. ప్రోగ్రాము మొత్తం సి భాషలో ఉంది. లైను విడగొట్టే భాగం ఓ పేజీ కంటే లేదు. తప్పు ఆ పేజీ సగంలోనే కనిపించింది.

విడగొట్టడానికి strtok అనే పనిముట్టు వాడారు. సి భాషతో పాటు వచ్చేదే. కామా ఎక్కడుందో చూసి ముక్క తెంపి ఇస్తుంది. కానీ రెండు కామాలు పక్కపక్కనే ఉంటే, మధ్యలో ఒక ఖాళీ ముక్క ఉందని అది ఒప్పుకోదు. వరసగా ఎన్ని కామాలున్నా ఒక్కటే అన్నట్టు దాటేస్తుంది. బస్సులో ముందు సీట్లు ఖాళీగా ఉంటే వెనకవాళ్ళు వచ్చి కూర్చుంటారు చూడండి, అలా వెనక ముక్కలన్నీ ముందుకు జరుగుతాయి. సీటు నంబరు చూసి మనిషిని గుర్తుపట్టే కండక్టరు ఉంటే ఎంత గందరగోళమో ఈ ప్రోగ్రాములో అంత గందరగోళం. ఇది రహస్యం కాదు. strtok గురించి రాసిన ఏ పాఠంలోనైనా ఈ హెచ్చరిక ఉంటుంది.

ఇప్పుడు టార్పాలిన్ దగ్గరికి వద్దాం. మీద గుడ్డ కప్పి పైన నీళ్ళు నిలిస్తే పెట్టెకు ఆకాశం కనిపించదు. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతం బలహీనమైనది, తడిసిన కప్పు దాటి రాదు. రేడియో అలా కాదు, టార్పాలిన్‌ను లెక్కచేయకుండా ఒడ్డుకు చేరుతుంది. కాబట్టి పెట్టె తన వరకు నిజాయితీగా పని చేసింది. ఎక్కడున్నానో తెలియదు అని చెప్పడానికి అక్షాంశం, రేఖాంశం, వాటి అక్షరాలు, నాలుగు గడులూ ఖాళీగా వదిలి, మిగతావి నింపి పంపింది. పడవ నంబరు, సమయం, నాలుగు ఖాళీలు, బ్యాటరీ 78, SOS. ఒడ్డుకు చేరిన కేక అది.

ఒడ్డున strtok ఆ నాలుగు ఖాళీలనూ మింగేసింది. మూడో ముక్కగా బ్యాటరీ వచ్చింది, ప్రోగ్రాము దాన్ని అక్షాంశం అనుకుంది. డెబ్బై ఎనిమిది డిగ్రీలు. నాలుగో ముక్కగా SOS వచ్చింది. అక్కడ ఉత్తరమో దక్షిణమో చెప్పే అక్షరం ఉండాలి. ప్రోగ్రాము మొదటి అక్షరం మాత్రమే చూసింది. S కనిపించింది. S అంటే దక్షిణం. మనిషి నెత్తురు కారుతూ సాయం కోసం వేసిన కేకను దిక్కు అని చదువుకుంది. లేని రేఖాంశాన్ని సున్నా అనుకుని, పాతగెడ్డపేట బోటును దక్షిణ ధ్రువం మంచులో పెట్టింది. ఇంకో చోట, స్థానం నమ్మశక్యంగా లేకపోతే పాత స్థానమే చూపించు అని రాసి ఉంది. అందుకే బోటు బొమ్మ కదలకుండా నిలబడింది.

ఇక సంకేతం. ఎనిమిదో ముక్క కావాలి, కానీ ముక్కలు నాలుగే ఉన్నాయి. లేని ముక్కను SOS తో పోల్చమంటే సి ప్రోగ్రాము అక్కడికక్కడే కూలిపోతుంది. నిజానికి కూలిపోయి ఉంటే బాగుండేది, ఆపరేటరు కంగారుపడి ఫోను ఎత్తేవాడు. కానీ కంపెనీలో ఎవరో ఒకసారి అది కూలిపోవడం చూశారు. ఎందుకు కూలిందని అడగలేదు. దాని నోరు మూశారు. ఎనిమిదో ముక్క లేకపోతే OK అనుకో అని ఒక లైను చేర్చి, పక్కన ‘క్రాష్ ఆపడానికి’ అని రాసుకున్నారు. ఆ లైను చూశాక నేను కుర్చీలోంచి లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. తెలియక చేసిన తప్పు వేరు. ఇది తెలిసే అవకాశం కాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు తన్ని పక్కకు నెట్టడం.

రికార్డులో నంబరు ఒక్కటే ఎందుకుందో కూడా ఆ పేజీలోనే తెలిసింది. strtok తనకు ఇచ్చిన వరుసను పాడు చేస్తుంది, మొదటి కామా ఉన్న చోట ముగింపు గుర్తు పెట్టేస్తుంది. వీళ్ళు ముందు విడగొట్టి, తరవాత దాచారు. దాచేటప్పటికి మిగిలింది మొదటి ముక్కే. మంచి రోజుల్లో వచ్చిన లైన్లు కూడా అలాగే దాచారు. విచారణ సంఘం పక్క పడవ రికార్డు ఒక్కటి చూసినా ఈ సంగతి బయటపడేది. చూడలేదు.

మాటలతో నమ్మరని తెలుసు. అదే పెట్టెను మా ఆఫీసు డాబా మీద తడిపిన టార్పాలిన్‌లో చుట్టించి, రిసీవరు తీగను రెండు కంప్యూటర్లకు కలిపాను. ఒకదాంట్లో కంపెనీ ప్రోగ్రాము. రెండోదాంట్లో వచ్చిన అక్షరాలను వచ్చినట్టే చూపించే మామూలు తెర. ఉపసంచాలకుల్ని కూర్చోబెట్టి బటన్ నొక్కించాను. ఒక తెర మీద SOS వచ్చింది. పక్క తెర మీద పడవ పచ్చగా నవ్వుతోంది. ఆయన అప్పటికప్పుడే కంపెనీకి ఫోన్ చేసి ప్రోగ్రాము బాగుచేయమన్నారు. విచారణ నివేదిక సంగతి అడిగితే ముందు ఇది కానివ్వండి అన్నారు.

వారం తిరక్కుండా కంపెనీ ఇంజనీరు కొత్త ప్రోగ్రాముతో దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతిలో నేను సంతకం పెట్టాల్సిన కాగితం. strtok తీసేశాం, ఖాళీలను లెక్కపెడుతున్నాం, ఇక సమస్య లేదు మేడమ్ అన్నాడు. పరీక్షించావా అన్నాను. కంపైల్ అయింది, ఏ ఎర్రరూ రాలేదన్నాడు. కంపైల్ అవడమంటే వాక్యాలు యంత్రానికి అర్థమయ్యాయని మాత్రమే. అవి నిజం చెప్తాయని కాదు. పెట్టె బల్ల మీద పెట్టించి బటన్ నొక్కమన్నాను. టార్పాలిన్ కూడా లేదు, కిటికీలోంచి ఆకాశం కనిపిస్తోంది. నొక్కాడు. పడవ పచ్చగా ఉంది. మళ్ళీ నొక్కాడు. పచ్చగానే ఉంది.

పాత ప్రోగ్రాము కనీసం ఎండ కాసే రోజున పని చేసేది. కొత్తది అది కూడా చేయదు. కారణం చిన్నది. పెట్టె పంపే ప్రతి లైను చివర రెండు కనపడని అక్షరాలుంటాయి, లైను అయిపోయిందని చెప్పడానికి. పాత ప్రోగ్రాములో strtok వాటిని కూడా తెంపి పారేసేది. కొత్తదాంట్లో ఎవరూ పారెయ్యలేదు. strcmp అనేది రెండు వరుసలను అక్షరం పక్కన అక్షరం పెట్టి చివరిదాకా పోలుస్తుంది. దానికి SOS వేరు, వెనక కనపడని తోక ఉన్న SOS వేరు. తెర మీద మన కంటికి రెండూ ఒకటే. అతను వెళ్ళేలోపల మరో చోటు కూడా చూపించాను. ఆపరేటరు పడవ నంబరు కొట్టి వెతికితే, కొట్టిన అంకెల మేరకే strncmp తో పోలుస్తున్నారు. 21 అని కొడితే 214 దొరుకుతుంది. పోగొట్టుకున్న పడవ కోసం వెతికేటప్పుడు వేరే పడవను చూపించి ఇదిగో క్షేమంగా ఉంది అంటే ఆ ఇంటివాళ్ళకు ఏం సమాధానం చెప్తావు అని అడిగాను. అతను డెడ్‌లైన్ గురించి ఏదో అన్నాడు. నేను గొంతు పెంచాను. ఆఫీసు అంతా వినేలా పెంచాను. అందుకు నాకు చింత లేదు. కాగితం మీద సంతకం పెట్టకుండా తిప్పి పంపాను.

మూడోసారి తెచ్చినది నిలబడింది. తడి టార్పాలిన్‌లో చుట్టి, నీళ్ళ తొట్టి పక్కన పెట్టి, సగం తెగిన లైన్లు పంపి, అన్ని రకాలుగా పీడించాకే సంతకం పెట్టాను. దాంతోపాటు విచారణ నివేదికలో మానవ తప్పిదం అన్న మాట తీసేయాలని నోట్ పెట్టాను. జవాబు ఒక్క పేరాలో వచ్చింది. ప్రోగ్రాములో చేసినది మెరుగుదల మాత్రమేననీ, ముగిసిన విచారణను తిరగదోడే అవసరం లేదనీ రాశారు. మెరుగుదలట. గుండెల మీద చెయ్యి వేసుకుని ఆ మాట ఎలా రాయగలిగారో నాకు అర్థం కాలేదు. ఉపసంచాలకుల గదికి వెళ్ళి అడిగితే, ఎవరికి కావాలి మేడమ్ ఇప్పుడు అన్నారు. కావలసినవాళ్ళిద్దరూ పాతగెడ్డపేటలో ఉన్నారని చెప్పి బయటికొచ్చాను.

తరవాతి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, చీర కూడా మార్చుకోకుండా ఆటో ఎక్కాను. నా పక్కన పెట్టె, అదనంగా ఉన్న మరో రిసీవరు, ఆఫీసు ల్యాప్‌టాప్. వాటిని బయటికి తీసుకెళ్ళడానికి రాతపూర్వకంగా అనుమతి కావాలి. నేను అడగలేదు, అడిగితే ఇవ్వరు. చేపల వేలం వేసే షెడ్డులో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, తెరను రెండు భాగాలు చేశాను. ఎడమ పక్క వచ్చినది వచ్చినట్టు, కుడి పక్క కంపెనీ పాత ప్రోగ్రాము. అప్పన్నను పిలిచి, ఆ రోజు ఎలా పెట్టావో అలా పెట్టమన్నాను. అతను తన బోటులో పెట్టెను అడుగున కూరి, టార్పాలిన్ కప్పి, తాడు బిగించి, పైన నీళ్ళు పోశాడు. తాడు సందులోంచి చెయ్యి పెట్టాడు. పేట అంతా చుట్టూ మూగి ఉంది. నూకమ్మ బల్ల దగ్గర, నా పక్కన నిలబడింది.

ఎడమ పక్క లైను పడింది. నంబరు, సమయం, కామాల గుంపు, బ్యాటరీ, చివర SOS. కుడి పక్క పడవ పచ్చగా ఉంది. నూకమ్మకు చదువు రాదు. ఆ లైను అలాగే ఉంచి, పెట్టె తెప్పించి బల్ల మీద పెట్టాను. ఎర్ర బటన్ పక్కన అవే మూడు అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. ఆమె పెట్టె మీద మొదటి అక్షరం మీద వేలు పెట్టి, తెర మీద మొదటిదాని మీద పెట్టింది. రెండోది, రెండోదాని మీద. మూడోది, మూడోదాని మీద. తరవాత ఇంకేమైనా మిగిలిందా అని పెట్టె మీదా తెర మీదా చూసింది.

“ఇయ్యే ఇయి,” అంది. “ఇది ఒచ్చినాది. మరి ఈ పక్కన పచ్చగా ఎవులు ఎట్టినారు?”

మా ఆఫీసు పెట్టింది అన్నాను. కంపెనీ అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ పరీక్షించకుండా పుచ్చుకున్న సంతకం మా ఆఫీసుదే, బటన్ నొక్కలేదన్న సంతకమూ మా ఆఫీసుదే.

ఆమె నా వంక చూసిన చూపులో దయ లేదు. ఉండాల్సిన పని కూడా లేదు.

“నా కొడుకు కేకేస్తే ఇనపడలేదన్నా ఊరుకుందును. ఇని, బాగున్నాడని రాసుకున్నారేటి మీరు!”

ఆమె చెంగు నడుముకు దోపుకుని ఇసుకలోకి నడిచింది. బోటు వెనక నిలబడి రెండు చేతులూ దాని మీద ఆనించింది. అప్పన్న ఉన్నచోటే ఉండిపోయాడు. “ఒరే అప్పన్నా, ఏటలా సూస్తన్నావు? రా, తొయ్యి,” అని కేకేసింది. అతను ఏడుస్తూనే వెళ్ళి ఆమె పక్కన భుజం ఆనించాడు. తరవాత పేట మగవాళ్ళంతా చేతులు వేశారు. బోటు నీళ్ళలోకి దిగింది.

అనుమతి లేకుండా ప్రభుత్వ సామగ్రిని బయటికి తీసుకెళ్ళినందుకు నాకు చార్జి మెమో ఇచ్చారు. జవాబు రాశాను. మందలింపు నమోదైంది. 2018లో పదవీ విరమణ చేసేదాకా నా సర్వీసు రిజిస్టరులో అది ఉంది. పచ్చ బొమ్మకు సంతకం పెట్టినవాళ్ళకు మాత్రం ఏ మెమో రాలేదు, ఇద్దరికి పదోన్నతి కూడా వచ్చింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు చిరాకే.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. ఖాళీ గడి కూడా ఒక సమాచారమే, దాన్ని దాటేసే పనిముట్టుతో లైను విడగొట్టకూడదు. విడగొట్టే ముందే అసలు వరుసను దాచాలి. పోల్చే ముందు తోక కత్తిరించాలి, పోల్చేటప్పుడు రెండింటి పొడవూ చూడాలి. రావాల్సిన ముక్క రాకపోతే తెలియదు అని రాయాలి. క్షేమం అని రాయకూడదు. పరికరాన్ని దాన్ని వాడేవాళ్ళ చేతుల్లో, వాళ్ళు వాడే తీరులో పరీక్షించాలి. బల్ల మీద నెగ్గినదాన్ని పరీక్ష అనరు.

విచారణ నివేదికలోని వాక్యం ఇప్పటికీ మారలేదు. అందుకని సరైనది ఇక్కడ రాస్తున్నాను. అప్పన్న బటన్ నొక్కాడు. సందేశం ఒడ్డుకు చేరింది. చదవాల్సిన వాళ్ళం మేమే, చదవలేదు.